హర్మూజ్ మూసేస్తే మన నేవీ వెళ్లి తెరిపించలేదా? ట్యాంకర్ల మీద పనిచేసినవాడి జవాబు

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెప్తాను. జగిత్యాల దగ్గరి నుంచి వచ్చి హన్మకొండలో గ్రూప్-1కు చదువుతున్న ఒక తమ్ముడు అడిగాడు: "2025 జూన్‌లో ఇరాన్ పార్లమెంటు హర్మూజ్ జలసంధి మూసేయాలని తీర్మానం చేసింది కదా. నిజంగానే మూసేస్తే మన నేవీ వెళ్లి తెరిపించలేదా? ఇలాంటి ఇరుకు దారుల విషయంలో మన దేశానికి వ్యూహం అనేది ఉందా? సముద్రం మొహమే చూడని వరంగల్‌వాళ్లకు దీంతో ఏం పని? మా అన్న దోహాలో ఉంటాడు, అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది." హర్మూజ్ అంటే ఇరాన్‌కూ ఒమన్‌కూ మధ్య, గల్ఫ్ నుంచి ఓడలు బయటికి వచ్చే సముద్రపు సందు.

నా గురించి ఒక్క ముక్క. మాది హసన్‌పర్తి పక్కన పల్లె. ఇరవై ఆరేళ్లు మర్చంట్ నేవీలో చేశాను. మొదట క్రూడ్ ట్యాంకర్లు, తర్వాత ఎల్‌పీజీ ఓడలు. కెప్టెన్‌గా 2021లో ఓడ దిగాను. తుపాకి పట్టినవాణ్ని కాదు, తుపాకి పట్టినవాళ్లు కాపలా కాసిన ఓడలు నడిపినవాణ్ని. కాబట్టి నేను చెప్పేది ఓడ బ్రిడ్జ్ మీద, అంటే ఓడను నడిపే గదిలో నిలబడి చూసిన లెక్క. ఢిల్లీలో ఫైళ్లు చూసినవాళ్లు ఇంకోలా చెప్పొచ్చు. రాస్తున్నది 2025 జులైలో, ఈ తేదీ గుర్తుపెట్టుకొని చదవండి.

సూటిగా జవాబు: తెరిపించలేదు. మనదే కాదు, ఏ దేశం నేవీ అయినా బలంతో ఒక్క రోజులో తెరిపించేది కాదు అది. మన వ్యూహం అని దేన్నైనా అనాలంటే, ఆ దారి నెల రోజులు పనిచేయకపోయినా ఇంట్లో పొయ్యి వెలిగేలా, పొలంలో యూరియా పడేలా చూసుకోవడం. నేవీ పని అందులో ఒక భాగం. సముద్రం మీద ఆ భాగం బాగానే జరుగుతోంది. ఒడ్డు మీద జరగాల్సినదే వెనకబడింది.

ఇప్పుడు ఎందుకో చెప్తాను.

హర్మూజ్ ఇరుకైన చోట సుమారు 33 కిలోమీటర్లు ఉంటుంది. టీవీలో మ్యాప్ చూపించి "ఇంత సన్నటి సందు" అంటారు కానీ, మనిషి నిలబడి చూస్తే అవతలి ఒడ్డు కనపడదు. అయితే పెద్ద ఓడలు ఆ 33 కిలోమీటర్లలో ఇష్టం వచ్చినట్టు పోవు. లోపలికి వెళ్లేవాటికి ఒక లేన్, బయటికి వచ్చేవాటికి ఒక లేన్, ఒక్కోటి రెండు నాటికల్ మైళ్లు, అంటే మూడున్నర కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో ఇంకో రెండు మైళ్ల ఖాళీ. మేడారం జాతరప్పుడు ప్రైవేటు బండ్లను పస్రా మీదుగా, ఆర్టీసీ బస్సులను తాడ్వాయి మీదుగా పంపుతారు చూడండి, అదే పద్ధతి. ఇరుకైన చోట ఈ లేన్లు రెండూ ఒమన్ నీళ్లలోనే ఉన్నాయి. ఇరాన్ నీళ్లలో కాదు. చాలామంది తప్పుగా రాసేది ఇక్కడే. కానీ అది దాటి గల్ఫ్ లోపలికి పోయాక దారి తుంబ్ దీవుల పక్కనుంచి పోతుంది. ఆ దీవులు ఇరాన్ చేతిలో ఉన్నాయి, యూఏఈ తమవంటుంది.

ఆ సందులోంచి 2024లో రోజుకు దాదాపు 2 కోట్ల పీపాల చమురు వచ్చింది. ప్రపంచం వాడేదాంట్లో ఐదో వంతు. ఎల్‌ఎన్‌జీ (ఓడల్లో తెచ్చేందుకు చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజవాయువు) వ్యాపారంలోనూ ఐదో వంతు ఇటునుంచే, అందులో సింహభాగం ఖతార్‌ది. చమురుకైతే పక్కదారులు కొన్ని ఉన్నాయి. సౌదీ తన తూర్పు తీరం నుంచి ఎర్ర సముద్రం మీది యాన్బూకు పైపు వేసుకుంది, యూఏఈ హబ్షాన్ నుంచి ఫుజైరాకు వేసుకుంది. ఆ రెండూ కలిపినా మొత్తం సరుకు పట్టదు. ఖతార్ ఎల్‌ఎన్‌జీకైతే పక్కదారే లేదు.

"మూసేయడం" అంటే అడ్డంగా గొలుసు కట్టడం కాదు. రాత్రిపూట ఆ లేన్‌లో వాచ్ డ్యూటీ చేసి ఉంటే మీకే అర్థమయ్యేది. జులై నెల, అర్ధరాత్రి దాటినా 34 డిగ్రీలు, గాలిలో తేమకు రెయిలింగ్ పట్టుకుంటే చెయ్యి తడిసిపోతుంది. రాడార్ తెర మీద మన ముందు నుంచి అడ్డంగా పది పదిహేను చుక్కలు దూసుకుపోతుంటాయి. ఒమన్ వైపు ఖసబ్ అనే ఊరుంది. ఇరాన్ నుంచి చిన్న స్పీడ్ బోట్లలో మేకల్ని తెచ్చి అక్కడ దింపి, సిగరెట్ పెట్టెలు నింపుకొని తిరిగి పోతారు. దొంగ వ్యాపారమే, కానీ ఏళ్ల తరబడి అందరికీ తెలిసిన వ్యాపారం. ఆ చుక్కల్లో ఏది సిగరెట్ల బోటు, ఏది చేపల బోటు, ఏది ఇరాన్ రివల్యూషనరీ గార్డ్స్ (ఇరాన్ సైన్యంలోని ప్రత్యేక దళం) బోటు? అరకిలోమీటరు దగ్గరికి వచ్చేదాకా తెలియదు. మూడు ఫుట్‌బాల్ మైదానాలంత పొడుగు ఓడ, ఆపాలంటే రెండు మైళ్లు పడుతుంది. పక్కకు తిప్పుదామంటే అటు ఇంకో ట్యాంకర్. ఆ బోట్లలో ఒకటి నీళ్లలో పేలే మందుపాతరలు రెండు వదిలితే చాలు. వదిలినట్టు పుకారు లేచినా చాలు.

పుకారుకే ఎందుకు మూతపడుతుందంటే, దారి మూసేది చాలాసార్లు లండన్‌లో ఇన్సూరెన్స్ వాళ్లు. ఏ సముద్రం ప్రమాదకరమో ఒక జాబితా ఉంటుంది. అందులో ఉన్న చోటికి ఓడ పోవాలంటే వార్ రిస్క్ ప్రీమియం అదనంగా కట్టాలి, అది కూడా ఒక్క ట్రిప్పుకు. 2024 మొదట్లో ఎర్ర సముద్రానికి ఆ ప్రీమియం ఓడ విలువలో ఒక శాతం దగ్గరికి పోయింది. పది కోట్ల డాలర్ల ఓడ అనుకోండి, ఒక్కసారి దాటడానికి పది లక్షల డాలర్లు. ఓనరు లెక్క వేసుకొని "వద్దులే, ఆఫ్రికా చుట్టి రా" అంటాడు. ఎర్ర సముద్రం దక్షిణపు మూతి బాబ్-ఎల్-మందెబ్‌లో జరిగింది అదే. యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీలు దారికి తాళం వేయలేదు. డ్రోన్లు, మిసైళ్లు అక్కడక్కడా వదిలారు, కంటైనర్ కంపెనీలు తమంతట తామే పక్కకు తప్పుకున్నాయి. ఆఫ్రికా చుట్టి రావడం అంటే పది రోజుల నుంచి రెండు వారాల దాకా అదనం.

అమెరికా కూడా బలంతో చేసి చూసింది, అది తెలుసుకోవాల్సిన కథ. ఇరాన్-ఇరాక్ యుద్ధంలో ట్యాంకర్లను కొట్టుకోవడం మొదలైంది. 1987లో కువైట్ ట్యాంకర్లకు అమెరికా జెండా కట్టి, యుద్ధనౌకలు వెంట పెట్టి గల్ఫ్‌లోకి పంపారు. మొదటి కాన్వాయ్‌లోనే, జులై 24న, బ్రిడ్జ్‌టన్ అనే నాలుగు లక్షల టన్నుల ట్యాంకర్ ఫార్సీ దీవి దగ్గర మందుపాతర తొక్కింది. ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసా? కాపలా వచ్చిన యుద్ధనౌకలు ఆ దెబ్బతిన్న ట్యాంకర్ వెనకాల వరసగా నడిచాయి. ట్యాంకర్‌కు మందపాటి ఒళ్లు, ఒక పాతర పేలినా తట్టుకుంటుంది. యుద్ధనౌకది పలచటి రేకు, తట్టుకోలేదు. కాపలాకు వచ్చినవాళ్లే కాపలా అడిగినట్టయింది. మరుసటి ఏడాది ఏప్రిల్లో శామ్యూల్ బి. రాబర్ట్స్ అనే అమెరికా నౌక మందుపాతర తగిలి మునిగినంత పనైంది. ప్రపంచంలోకెల్లా పెద్ద నేవీ పరిస్థితి ఇది.

మందుపాతరల సంగతి వచ్చింది కాబట్టి మన లోటు కూడా చెప్పాలి. మందుపాతరలు ఏరే నౌక మన నేవీ దగ్గర ఇప్పుడు ఒక్కటీ లేదు. చివరిది ఐఎన్ఎస్ కోజికోడ్, 2019లో రిటైరైంది. కొరియా కంపెనీతో కలిసి గోవాలో కట్టాలన్న ఒప్పందం ఏళ్ల తరబడి నానబెట్టి 2018లో రద్దు చేశారు. ఈ జులై 3న రక్షణ కొనుగోళ్ల మండలి మళ్లీ ఆమోదం ఇచ్చింది. ఆమోదం ఇవ్వడానికీ, నౌక నీళ్లలోకి దిగడానికీ మధ్య ఎంత కాలం పడుతుందో మీరే ఊహించుకోండి. "మన నేవీ వెళ్లి తెరిపించలేదా" అన్న ప్రశ్నకు నాకు తెలిసి ఇదొక్కటే చాలు జవాబుగా. విమానవాహక నౌకలు రెండున్నాయి, సంతోషం. పాతరలు ఏరేది లేదు.

మరి చట్టం? 1982 నాటి సముద్ర చట్టాల ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ జలసంధిలో అన్ని ఓడలకూ ఆగకుండా దాటిపోయే హక్కు ఉంది. తీరదేశం దాన్ని తాత్కాలికంగా కూడా నిలిపేయకూడదు. మనం 1995లో ఆమోదించాం, ఒమన్ అంతకంటే ముందే ఆమోదించింది. ఇరాన్ సంతకం పెట్టింది కానీ ఆమోదించలేదు, "ఒప్పందంలో ఉన్నవాళ్లకే ఆ హక్కు" అంటుంది. అమెరికా సంతకమే పెట్టలేదు. అంటే ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరూ ఆ ఒప్పందానికి బయటే ఉన్నారు. పరీక్షలో ఈ ముక్క రాయండి, చాలామంది వదిలేస్తారు.

ఇప్పుడు నేవీ ఏం చేయగలదో చెప్తాను, ఎందుకంటే తక్కువ చేసి చెప్పడం కూడా అన్యాయమే.

2008 అక్టోబర్ నుంచి యెమెన్, సోమాలియాల మధ్య ఉన్న గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో, సముద్రపు దొంగల నుంచి ఓడల్ని కాపాడటానికి, మన నౌక ఎప్పుడూ ఒకటి ఉంటూనే ఉంది. 2011లో నేను చీఫ్ ఆఫీసర్‌గా అటు పోయిన ట్రిప్పు ఇప్పటికీ గుర్తే. ఓడ చుట్టూ ముళ్ల తీగ చుట్టాం, నీళ్ల గొట్టాలు బయటికి తిప్పి కట్టాం. పాత బాయిలర్ సూట్లలో గుడ్డపేలికలు కుక్కి, తలకు హెల్మెట్ పెట్టి, వెనక డెక్ మీద నాలుగు బొమ్మలు నిలబెట్టాం, కాపలా మనుషులు అనుకుంటారని. మన చేలో దిష్టిబొమ్మలే. మూడో రోజు గాలికి ఒకడి తల ఎగిరిపోయింది, మా బోసన్ (డెక్ పనివాళ్ల మేస్త్రి) దానికి బదులు వంటగదిలోంచి గిన్నె తెచ్చి బోర్లించాడు. ఆ పరిస్థితిలో వీహెచ్ఎఫ్ రేడియోలో ఎక్కడో దూరం నుంచి మన నేవీ నౌక హిందీ యాసలో ఇంగ్లిష్ మాట్లాడుతుంటే, ప్రాణం లేచొచ్చింది అంటే అతిశయోక్తి కాదు.

2019 జూన్ 13న గల్ఫ్ ఆఫ్ ఒమన్‌లో రెండు ట్యాంకర్ల మీద దాడి జరిగింది. వారం తిరక్కుండా మన నేవీ ఆపరేషన్ సంకల్ప్ మొదలుపెట్టి ఐఎన్ఎస్ చెన్నై, ఐఎన్ఎస్ సునయన నౌకల్ని పంపింది. అమెరికా పెట్టిన కూటమిలో చేరలేదు, విడిగా తన ఓడల్ని తాను చూసుకుంది. ఆ జులైలో నేను ఎల్‌పీజీ ఓడకు కెప్టెన్‌ని, మన జెండా ఓడ, ఖాళీగా లోపలికి వెళ్తున్నాం. ఫుజైరా దగ్గర ఒక నేవీ ఆఫీసరు, ఇద్దరు సెయిలర్లు మా ఓడ ఎక్కారు. ఆ ఇద్దరిలో ఒక పిల్లవాడిది శ్రీకాకుళం. "సార్, మీది వరంగలా, మాట బట్టి తెలిసిపోయింది" అన్నాడు. వాళ్లు ముగ్గురు రివల్యూషనరీ గార్డ్స్‌తో యుద్ధం చేయడానికి రాలేదు. వాళ్ల దగ్గరున్నది రేడియో. మా ఓడకూ, వెనక ఎక్కడో ఉన్న యుద్ధనౌకకూ మధ్య తీగలాంటివాళ్లు. తెల్లారుజామున ఇరాన్ వైపు నుంచి వీహెచ్ఎఫ్‌లో మామూలు ప్రశ్నలే వచ్చాయి: ఓడ పేరు, జెండా, ఎక్కడి నుంచి, ఎక్కడికి, సరుకేంటి, ఎంతమంది. "భారత జెండా" అన్నాక అవతలి గొంతు "శుభయాత్ర" అని ఊరుకుంది. నేవీ వాళ్లు ఉన్నందుకా, ఇరాన్‌తో మనకు మాటలు ఉన్నందుకా, అసలు ఏమీ కాకపోయేదా, ఇది నేనెప్పటికీ తేల్చలేను. నా అంచనా అయితే రెండోదే.

ఇందులో ఇంకో సగం కథ ఉంది. మా వెనక అరగంట దూరంలో నా బ్యాచ్‌మేట్ ఓడ. అందులోనూ అందరూ భారతీయులే, వాళ్లు తెచ్చే సరుకూ మన కాండ్లాకే. కానీ ఆ ఓడ జెండా లైబీరియా. దానికి నేవీ వాళ్లు ఎక్కలేదు. మర్నాడు వాట్సాప్‌లో పెట్టాడు: "మీకేంరా, అల్లుడి మర్యాదలు. మేం ఆంజనేయ దండకం చదువుకుంటూ దాటాం."

నా దృష్టిలో మన వ్యూహంలోని పెద్ద చిక్కు ఈ జెండాయే. ఒక ఓడ తీసుకోండి. ఓనరు గ్రీసువాడు, జెండా పనామాది, ఇన్సూరెన్స్ లండన్‌ది, సిబ్బంది మనవాళ్లు, సరుకు మన ఆయిల్ కంపెనీది. దానికి దెబ్బ తగిలితే ఏ దేశం నేవీ పరిగెత్తాలి? చట్టం ప్రకారం జెండా దేశానిది బాధ్యత. పనామాకు నేవీయే లేదు. మన విదేశీ వ్యాపారంలో మన జెండా ఓడలు మోసేది ఐదు శాతం చుట్టుపక్కల. మిగతా తొంభై ఐదు శాతం సరుకు ఎవరెవరి జెండాల కిందనో వస్తుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మన నేవీ జెండా చూడలేదు, అది ఒప్పుకోవాలి. 2024 జనవరిలో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్ హౌతీ మిసైల్ తగిలి మండుతుంటే, ఐఎన్ఎస్ విశాఖపట్నం నుంచి మంటలార్పే బృందం వెళ్లింది. ఆ మార్చిలో ట్రూ కాన్ఫిడెన్స్ సిబ్బందిని ఐఎన్ఎస్ కోల్‌కతా కాపాడింది, అప్పటికే ముగ్గురు పోయారు. అదే నెలలో రుయెన్ అనే ఓడను 35 మంది సముద్రపు దొంగల నుంచి విడిపించారు, కమాండోలు విమానంలోంచి సముద్రంలోకి దూకి మరీ. కాపాడడం వేరు, ముందే వెంట ఉండి దాటించడం వేరు. రెండోదానికి మన జెండా కావాలి. ఈ ఏడాది బడ్జెట్‌లో ఓడల కోసం 25 వేల కోట్ల నిధి ప్రకటించినప్పుడు పేపర్లలో ఎక్కడో లోపలి పేజీలో వచ్చింది. నాకైతే అది రక్షణ వార్తే.

ఓడల్ని పట్టుకోవడంలో ఎక్కువ నలిగేది కూడా మన పిల్లలే. 2019లో ఇరాన్ పట్టుకున్న స్టెనా ఇంపెరోలో 23 మందికి 18 మంది, 2024 ఏప్రిల్‌లో పట్టుకున్న ఎంఎస్‌సీ ఏరీస్‌లో 25 మందికి 17 మంది భారతీయులు. వాళ్లు ఇంటికొచ్చింది మాటలతోనే.

ఇక వరంగల్‌కు ఏం పని అన్న ప్రశ్న. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పేపర్లన్నీ పెట్రోలు రేటు గురించే రాస్తాయి.

పెట్రోలు విషయంలో మనం అంత అధ్వానంగా లేం. మనం రోజూ వాడే 55 లక్షల పీపాల క్రూడ్‌లో హర్మూజ్ మీదుగా వచ్చేది 15 నుంచి 20 లక్షలని పెట్రోలియం మంత్రి జూన్‌లోనే చెప్పారు. మిగతాది రష్యా, అమెరికా, ఆఫ్రికా. రేటు పెరుగుతుంది, బంకు ఎండిపోదు. పైగా విశాఖపట్నం, మంగళూరు, పాడూరుల్లో రాతి గుహలు తొలిచి 53 లక్షల టన్నుల క్రూడ్ పట్టే చోటు చేశారు. అవి నిండుగా ఉంటే తొమ్మిది రోజుల పైన వస్తుంది, కంపెనీల ట్యాంకులతో కలిపితే 74 రోజులని ప్రభుత్వ లెక్క. ఒడిశాలో చండీఖోల్, పాడూరు రెండో దశకు 2021లో ఒప్పుకున్నారు, అవి ఇంకా కట్టాలి.

అసలు భయం వంటగ్యాస్‌ది. దేశం ఏడాదికి వాడేది 3 కోట్ల టన్నుల పైన, అందులో 60 శాతానికి పైగా దిగుమతి, ఆ దిగుమతిలో దాదాపు అంతా గల్ఫ్ నుంచే. నేను నడిపినలాంటి పెద్ద ఎల్‌పీజీ ఓడ 45 వేల టన్నులు తెస్తుంది. మన ఇంటి 14.2 కిలోల సిలిండర్ల లెక్కన 31 లక్షల పైమాటే. అలాంటి ఓడ రోజుకు ఒకటికి మించి మన దేశానికి చేరుతుండాలి. చేరకపోతే? విశాఖలో ఎల్‌పీజీకి ఒక గుహ ఉంది, 60 వేల టన్నులు. దేశం మొత్తానికి ఒక్క రోజు వాడకానికి కూడా చాలదు. విశాఖలో దించిన గ్యాస్ పైపులో విజయవాడ మీదుగా చర్లపల్లి దాకా వస్తుంది, అక్కణ్నుంచి మన ఊళ్లకు. నేను రాస్ తనూరాలో లోడ్ చేసి విశాఖలో దించిన ప్రతిసారీ, ఇందులో ఏ సిలిండరో మా వదిన పొయ్యి కిందికి పోతుందని అనుకునేవాణ్ని. సరదాగా అనుకున్న మాటే కానీ లెక్క తప్పు కాదు. క్రూడ్‌కు గుహలు తొలిచినంత శ్రద్ధ ఎల్‌పీజీ మీద పెట్టలేదు. నన్నడిగితే ముందు పెట్టాల్సింది దీనిమీదే.

రెండోది యూరియా. రామగుండంలో పాత ఎఫ్‌సీఐ (ఫెర్టిలైజర్ కార్పొరేషన్) ఫ్యాక్టరీ బొగ్గుతో నడిచేది, పక్కనే సింగరేణి. 1999లో మూతపడింది. ఇప్పుడున్న ఆర్‌ఎఫ్‌సీఎల్ సహజవాయువుతో నడుస్తుంది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. గ్యాస్ పైపు కాకినాడ దగ్గరి మల్లవరం వైపు నుంచి వస్తుంది కదా, మనకు ఖతార్‌తో ఏం సంబంధం అంటారు కొందరు. దేశంలోని యూరియా ఫ్యాక్టరీలకు గ్యాస్ రేటు అంతా కలిపి ఒకే ధరగా లెక్కేస్తారు, ఆ మొత్తంలో దిగుమతి గ్యాస్‌దే పెద్ద వాటా. ఖతార్‌తో ఏడాదికి 75 లక్షల టన్నుల ఎల్‌ఎన్‌జీ ఒప్పందాన్ని నిరుడు 2048 దాకా పొడిగించుకున్నాం. ఆ ఓడలు హర్మూజ్ దాటే రావాలి. ఇప్పుడు మా ఊరి సొసైటీ ముందు పొద్దున నాలుగింటి నుంచే యూరియా కోసం చెప్పులు, పాస్‌బుక్కులు లైన్లో పెడుతున్నారు. ఈ కరువుకు కారణాలు చాలా ఉన్నాయి, అంతా హర్మూజ్ మీదికి నెట్టడం సరికాదు. కానీ హర్మూజ్ తెరిచే ఉన్నప్పుడే ఇట్లా ఉంటే, మూతపడితే ఆ చెప్పుల లైను ఎంత పొడుగుంటుంది?

ఇందులో ఒక మంచి ఉదాహరణ మన చేతిలోనే ఉంది. ఒమన్‌లో సూర్ అనే ఊళ్లో మన ఇఫ్కో, క్రిబ్కో భాగస్వాములుగా ఒక యూరియా ఫ్యాక్టరీ కట్టారు. ఆ ఊరు హర్మూజ్‌కు బయట ఉంది. అక్కడ లోడ్ చేసిన ఓడ ఆ సందులోకి పోకుండానే మన తీరానికి వస్తుంది. ఎవరు ఆలోచించి పెట్టారో, అనుకోకుండా కలిసొచ్చిందో, వ్యూహం అంటే ఇదీ. దుక్మ్ రేవులో మన నేవీకి 2018 నుంచి దొరికిన సౌకర్యం కూడా ఒమన్‌లోనే, హర్మూజ్‌కు బయటే.

మలక్కా (మలేసియా, సుమత్రాల మధ్య ఉన్న జలసంధి, చైనా వైపు పోయే ఓడల దారి) గురించి మీరు అడగలేదు కానీ, "మనం మలక్కా మూసేసి చైనా మెడ పట్టుకోవచ్చు" అని యూట్యూబ్‌లో రోజుకొకరు చెప్తున్నారు కాబట్టి రెండు మాటలు. గ్రేట్ నికోబార్ చివరి అంచు నుంచి సుమత్రా దాదాపు 150 కిలోమీటర్లే. మలక్కాకు పోయే ఓడలు చాలావరకు ఆ మధ్యలోంచే పోతాయి. అక్కడి క్యాంప్‌బెల్ బేలో ఐఎన్ఎస్ బాజ్ అనే నేవీ స్థావరం 2012 నుంచి ఉంది, అండమాన్‌లో మూడు దళాల ఉమ్మడి కమాండ్ 2001 నుంచి ఉంది. కాజీపేట ప్లాట్‌ఫాం మీద కూర్చున్నవాడికి ఏ రైలు ఎటు పోతుందో తెలిసినట్టు, అక్కడ కూర్చుంటే ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో తెలుస్తుంది. అది పెద్ద బలం. కానీ కూర్చుని చూడటం వేరు, పట్టాల మీద అడ్డం పడుకోవడం వేరు. శాంతి కాలంలో ఆపితే మనం హర్మూజ్ దగ్గర ఏ చట్టం పట్టుకొని మాట్లాడుతున్నామో దాన్నే చింపేసినట్టు. జపాన్, కొరియా, సింగపూర్ ఓడలు కూడా అటే పోతాయి, మన సరుకు కూడా. చైనా ఓడకు ఇండోనేషియా దీవుల మధ్య సుండా, లోంబోక్ దారులు ఉన్నాయి, నాలుగు రోజులు ఆలస్యంగా పోతుంది అంతే. యుద్ధం వస్తే లెక్కలు వేరు, అది నా స్థాయి చర్చ కాదు.

చూడటం అన్న పని 2018 నుంచి గురుగ్రామ్‌లోని నేవీ సమాచార కేంద్రం చేస్తోంది, అనేక దేశాల నుంచి ఓడల సమాచారం అక్కడికి చేరుతుంది. ఇది బయటికి కనిపించని పని. జూన్‌లో హర్మూజ్ చుట్టూ జీపీఎస్ సిగ్నళ్లు జామ్ అయ్యాయి, ఓడలు మ్యాప్ మీద ఎడారిలో ఉన్నట్టు చూపించాయి. ఆ నెల 17న ఫ్రంట్ ఈగిల్, అడలిన్ అనే రెండు ట్యాంకర్లు గుద్దుకున్నాయి కూడా. అప్పుడు ఏ ఓడ నిజంగా ఎక్కడుందో చెప్పగలవాడే పనికొస్తాడు. ఇప్పటి పిల్లలు జీపీఎస్ పోతే కంగారు పడతారు. మా రోజుల్లో దీపస్తంభం, కొండ కొన చూసి చార్టు మీద గీత గీసేవాళ్లం, ఆ చదువు ఇప్పుడు మళ్లీ అక్కరకొస్తోంది. సరే, ముసలోడి గొప్పలు ఆపుతాను.

పరీక్షలో రాయాలంటే నా వరస ఇది: గ్యాస్ నిల్వలు, మన జెండా ఓడలు, మందుపాతరలు ఏరే నౌకలు, ఒమన్ స్నేహం, ఇరాన్‌తో తెగని మాటలు. ఈ వరసలోనే. మొదటి మూడూ డబ్బుతో అయ్యేవి, చివరి రెండూ ఓపికతో అయ్యేవి. కొందరు సార్లు విమానవాహక నౌకల గురించి రెండు పేజీలు రాయిస్తారు, మార్కులు పడితే మీ అదృష్టం.

చివరగా మీ అన్న సంగతి. ఇరాన్ జూన్ 23న ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద మిసైళ్లు వదిలినప్పుడు అక్కడి గగనతలం కొన్ని గంటలు మూసేశారు, తర్వాత తెరిచారు. జలసంధి మూతపడ్డా మనుషులు వచ్చేది విమానంలో కాబట్టి అమ్మగారికి ఆ భయం వద్దని చెప్పండి. గగనతలం కూడా ఎక్కువ రోజులు మూతపడితేనే ఓడల అవసరం వస్తుంది. 2015లో యెమెన్ నుంచి ఓడల్లో, విమానాల్లో కలిపి నాలుగున్నర వేల మందికి పైగా మనవాళ్లను తెచ్చారు, ఏడెన్ రేవులో తుపాకులు పేలుతుండగా ఐఎన్ఎస్ సుమిత్ర లోపలికి పోయింది. అలాంటప్పుడు చేతిలో కాగితాలున్నవాళ్లకే పని తేలిక. కాబట్టి అన్నకు ఈ రాత్రే ఫోన్ చేసి మూడు అడగండి: ఎంబసీలో పేరు, ఫోన్ నంబరు నమోదైందా, కనీసం నెల రోజుల ఖర్చు చేతిలో ఉందా, పాస్‌పోర్టు తన దగ్గరుందా లేక కంపెనీ లాకర్లో ఉందా. ఖతార్ చట్టం ప్రకారం కంపెనీ పాస్‌పోర్టు ఉంచుకోకూడదు, అయినా ఉంచుకునేవాళ్లు ఉన్నారు. మూడోదానికి జవాబు "కంపెనీ దగ్గర" అయితే, మిగతా రెండు తర్వాత చూసుకోవచ్చు, ముందు దాన్ని తెచ్చుకోమనండి.